సున్న చుట్టిన పేరు

తాండూరు బండ మీద నీళ్లు పడంగనే ఒక వాసన లేస్తది. చల్లగ, కొంచెం సున్నం కలిసినట్టుంటది. పొద్దున వంటిల్లు కడిగేటప్పుడు అది ముక్కుకు తగిలిందంటే నాకు ఇంక పని సాగదు. చీపురు పక్కకు పెట్టి, తడి బండ మీదనే చతికిలబడి, చేతికందిన చెంచాతోని టక్ టకటక్ అని కొట్టుకుంట కూసుంట. మా ఆయన వచ్చి చూసి, "మల్ల మొదలైందా నీ పూనకం?" అని, కాలు జారకుండ గోడ పట్టుకొని పోతడు. ఆయనకేం తెలుసు, నేను పని చేస్తున్నని! యూట్యూబుల వచ్చే పాటలకు మాటలు రాసుడే నా పని. హైదరాబాదు నుంచి పిల్లలు ఫోన్ల "తననాన తానా" అని బాణీ పంపుతరు, నేను ఈ వికారాబాదుల, ఈ వంటింట్ల కూసొని దాంట్ల మాటలు పోస్త. పెండ్లి బరాత్‌ల డీజే ముందట మీరు ఎగిరిన పాటలల్ల ఒకటో రెండో నావి కూడ ఉండే ఉంటయి. రాసినోళ్ల పేరు ఎవలు చూస్తరు గని!

"ఎక్కడ నేర్సుకున్నరు మేడం?" అని ఆ పిల్లలు అడుగుతుంటరు. తాండూరుల, పాలిష్ మిషన్ల వెనక గల్లీల, బిల్కిస్ ఖాలా ఇంటి అరుగు మీద అని చెప్తే నవ్వుతరు. నవ్వనీయి. నేనేం ఉత్తగ చెప్తలేను. ఈ చేతికి చెంచా పట్టుడు నేర్పింది ఆమెనే, ఎప్పుడు పట్టొద్దో నేర్పింది కూడ ఆమెనే. ఆ రెండోది నేర్సుకునే లోపల ఒక పెండ్లి చెడిపోయేంత పని చేసి పెట్టిన, అది వేరే ముచ్చట. వేరే ముచ్చట కాదు, అసలు ముచ్చట అదే.

మా నాయిన బండలకు పాలిష్ పట్టే కార్ఖానల పని చేస్తుండె. పొద్దుగూకి ఇంటికొస్తే కనుబొమ్మలు సుత తెల్లగ ఉంటుండె, మా అమ్మ ఆయనను గడప లోపలికి రానియ్యకుండ నల్లా కాడనే నిలవెట్టి నెత్తి మీద బకెట్ కుమ్మరిస్తుండె. ఆ నల్లా మాది కాదు, చిన్నమ్మ లెక్క మేము ఖాలా అని పిలిచే బిల్కిస్‌ది. ముందటి రెండు అర్రలు వాళ్లవి, వెనక అర్ర మేము కిరాయికి ఉన్నది, నడుమ ఒక జామచెట్టు. పండుగలు ఆ జామచెట్టు కింద అటుదిటు, ఇటుదటు పోతుండె. రంజాన్ నాడు పొద్దున్నే పాలు, సేమియా, ఖర్జూరాలు కలిసిన షీర్ ఖుర్మా స్టీలు గిన్నెల మా అర్రకొచ్చేది, బతుకమ్మ నాడు మలీద ముద్దలు, నువ్వుల సత్తుపిండి వాళ్ల అర్రకు పోయేవి, గిన్నె ఎప్పుడు ఖాళీగ వాపసు పోకపోతుండె. చలికాలంల కందికాయలు ఉప్పేసి ఉడకవెట్టి నడిమిట్ల కుప్ప పోస్తే రెండిండ్లోళ్లం చుట్టు కూసొని తింటుంటిమి, తొక్కలు మేకలకు. కార్ఖాన నుంచి నాయిన తెచ్చిన బండ పలుకులే మాకు అచ్చనగండ్లు, ఒక దిక్కు నున్నగ మెరిసేవి, నీలపువి నావి, పసుపువి ఖాలా బిడ్డ షహనాజ్ ఆపావి. ఆపా నాకంటె ఏడెనిమిదేండ్లు పెద్దదైన, ఓడిపోతే మాత్రం చిన్నపిల్ల తీర్గ అలుగుతుండె.

ఇగ ఖాలా సంగతి. మనిషి బక్కగ ఉంటుండె, నోట్లె ఎప్పుడు పాన్, గొంతు మాత్రం ఊరంత. వాళ్ల పెండ్లిళ్లల్ల ఆడోళ్లు ఢోలక్ పెట్టి పాడే పాటలకు తాండూరు నుంచి వికారాబాదు దాంక, అటు కన్నడం మాట్లాడే ఊర్ల దాంక ఆమెను పిలుస్తుండె. ఆ పాటలకు ఒక పద్ధతి ఉంటది. బాణీ పాతదే, పల్లవి అందరికి తెలిసిందే, గని చరణంల అవతలి ఇంటోళ్ల పేర్లు పెట్టి ఆటపట్టియ్యాలె. పెండ్లికొడుకు మేనమామ పొట్ట, పెద్దమ్మ చెప్పులు, ఆడబిడ్డ అత్తరు, ఏది దొరికితే అది. పేరు పడ్డోళ్లు సిగ్గుపడాలె, పక్కోళ్లు పగలబడి నవ్వాలె, పేరు పడనోళ్లు "మేము మనుషులం కాదా?" అని అలగాలె. అందుకని పెండ్లికి పదిరోజుల ముందే అవతలి ఇంటి నుంచి పేర్ల చిట్టి వస్తుండె. ఖాలాకు ఉర్దూ వచ్చు, తెలుగు సదువ రాదు. చిట్టీలు రాసేది మాత్రం తెలుగు బడికి పోయే పిల్లలు. అట్ల చిట్టి సదివే పని నాది అయింది. చిట్టి సదవంగ సదవంగ, "బేటా, గీ పేరు తెలుగుల ఎట్ల అంటె మన గల్లీ అమ్మలక్కలు నవ్వుతరు?" అని అడిగేది. అట్ల తెలుగు చరణాలు కట్టే పని కూడ నాదే అయింది. అప్పటికి నాకు పదకొండేండ్లు.

మాట కంటె ముందు చెంచా ఉండాలె. అది ఆమె మొదటి పాఠం. అరుగు బండ మీద చెంచాతోని దెబ్బ వేసుకుంట పేరు ఒక్కటే పది సార్లు అనాలె, జహంగీర్, జహంగీర్, జహంగీర్, అది ఎక్కడ కూసుంటదో చెవికి తెలిసే దాంక. నేను ఒకసారి, "ఖాలా, గీ పేరు మోటుగ ఉన్నది, పాటల పడతలేదు" అంటే చెంచా నా మోకాలు మీద ఒక్కటి పడ్డది. "పేరు మోటుగ ఉండదు. నువ్వు ఆగే జాగ తప్పు" అన్నది. పేరు పొట్టిగ ఉంటే వెనక మామా అనో బావా అనో తగిలియ్యాలె, పొడుగ్గ ఉంటే నడుమ ఊపిరి తీసుకోవాలె, అంతేగని పేరును విరవొద్దు. విరిస్తే పేరు గలోళ్ల మొహం మాడుతది.

ఇంకోటి, నల్లా పరీక్ష. కొత్త చరణం కట్టినంక ఖాలా దాన్ని ఎవలకు వినిపించకపోతుండె. నీళ్లు వచ్చే యాళ్లకు అరుగు మీద కూసొని, ఎవలతోనో కాదన్నట్టు, రెండు సార్లు పాడుకుంటుండె. మొదటి బిందె తీసుకపోయిన ఆడామె రెండో బిందెకు వాపసు వచ్చేటప్పుడు అది నోట్లె గునుక్కుంట వస్తే పాట పాసు. రాకపోతే చరణం పీకి అవతల పారేసుడే, ఎంత ముద్దుగున్న సరే. ఇప్పుడు స్టూడియో పిల్లలు "హుక్ లైన్ కావాలె మేడం" అని పెద్ద ఇంగ్లీషు మాట చెప్తుంటే నాకు నవ్వొస్తది. ఖాలా దాన్ని "అందరి ముక్క" అంటుండె. గంతే, కొత్తదేం లేదు.

చిట్టి సదివేటప్పుడు కొన్ని పేర్ల పక్కన సున్న చుట్టమనేది. సున్న చుట్టిన పేరు పాటల రావొద్దు. హజ్‌కు పోయొచ్చిన పెద్దమనుషులు, అలిగి మాటలు లేనోళ్లు, నవ్వితే తట్టుకోలేనోళ్లు, అట్లాంటోళ్లు. సున్నలు చుట్టే ముందు ఖాలా ఊరంత తిరిగి ఆరా తీస్తుండె, ఆ ఇంట్ల ఎవలు ఎట్లాంటోళ్లు, ఎవలకు ఏం నొప్పి ఉన్నది అని. "పహెలే పూఛ్, ఫిర్ గా" అంటుండె, ముందు అడుగు, తర్వాత పాడు. నేను తలకాయ ఊపేదాన్ని. చెవులకు పోయింది గని లోపటికి పోలె.

షహనాజ్ ఆపాకు వికారాబాదు సంబంధం కుదిరింది. పిల్లగాడు సలీం, మార్కెట్ యార్డుల కందుల కాంటా కాడ పని. తండ్రి లేడు, ఇంటికి పెద్దదిక్కు తల్లి ఖైరున్నీసా అమ్మి. నిమ్మళమైన మనుషులు, అడిగింది ఏం లేదు, ఆపా ఆ పిల్లగాని ఫోటోను ఉర్దూ పుస్తకంల పెట్టుకొని దినాం నాలుగుసార్లు చూస్తుండె. సొంత బిడ్డ పెండ్లి, ఖాలా కాళ్లు నేల మీద లేవు. చిట్టి వచ్చింది, నేను సదివిన, సలీం పేరు తర్వాత వాళ్ల అన్న యాకూబ్ అని ఉన్నది. ఖాలా వాళ్లనూ వీళ్లనూ అడిగి వచ్చి, "యాకూబ్‌కు సున్న చుట్టు" అన్నది. చుట్టిన. ఎందుకని అడగలె. ఆమె కూడ బజారుకు పోయే తొందరల చెప్పలె.

సున్న అయితే చుట్టిన గని, ఆ పేరు నా నాలుకను ఇడిసిపెట్టలె. యాకూబన్నా, యాకూబన్నా! చెంచా వెయ్యక ముందే దెబ్బ దాంట్లనే ఉన్నది. అట్లాంటి పేరును పక్కకు పెట్టుమంటే ఎట్ల? కోపిష్టి మనిషేమో, ఒక్కసారి కోపమొస్తే ఏమైతది అనుకున్న. బడికి పోయేటప్పుడు, అచ్చనగండ్లు ఆడేటప్పుడు కట్టుకుంట పోయిన. అన్నం వడ్డించే గుడ్డను వాళ్లు దస్తర్ అంటరు, అది పెట్టిన.

"యాకూబన్నా యాకూబన్నా యాడ దాగినవు?
దస్తర్ ఏసి పిలుస్తున్నం, దూరమెందుకున్నవు?"

పెండ్లి శుక్రవారం. సోమవారం నాడు పగటి పూట మగపెండ్లి ఆడోళ్లు బట్టలు, పూలు, చక్కెర పళ్లాలు తీసుకొని ఆడపిల్ల ఇంటికొచ్చే సాంచక్. జామచెట్టుకు కట్టిన షామియాన కింద జంపఖానాలు, వచ్చినోళ్ల అత్తరు, మా గల్లీ మల్లెపూలు, వెనక నుంచి బగారన్నం వాసన. ఖాలా ఢోలక్, నేను చెంచా. మేనమామ పొట్ట అయింది, పెద్దమ్మ చెప్పులు అయినయి, నవ్వులే నవ్వులు. అప్పుడు అన్నం వండే డేగిస కాడ ఎవలో పిలిస్తే ఖాలా ఢోలక్ పక్కామెకిచ్చి లోపటికి పోయింది. ఇంతకంటె మంచి సమయం దొరకదనిపించింది నాకు. చెంచా ఎత్తిన, అందుకున్న.

ఎంత మంచిగ అందుకున్నరో తెలుసా మా గల్లీ ఆడోళ్లు! రెండోసారికే అందరి నోట్లెకు వచ్చేసింది. ముప్పై గొంతులు ఒక్కటై, చప్పట్లు కొట్టుకుంట, "యాకూబన్నా యాకూబన్నా యాడ దాగినవు?" నల్లా పరీక్ష కూడ అక్కర లేకపాయె. నేను గాలిల తేలుతున్న. మూడోసారికి చూద్దును గద, వచ్చినోళ్ల దిక్కు ఒక్క చెయ్యి కదుల్తలేదు. ఖైరున్నీసా అమ్మి ఒళ్లె ఉన్న చక్కెర పళ్లెం కింద పెట్టింది, లేచింది, ఎవల దిక్కు చూడకుండ చెప్పులు తొడుక్కొని బయట నిలబడ్డ టెంపోల పోయి కూసున్నది. వెనకనే అందరు లేచిండ్రు. ఒక్క మెతుకు ముట్టలె. ఖాలా ఉరికొచ్చేసరికి టెంపో గల్లీ మలుపు దాటిపోయింది.

"ఎవలు పాడిండ్రు?" అన్నది ఖాలా. చెప్పే పని లేదు, చెంచా నా చేతిలనే ఉన్నది.

యాకూబ్ చనిపోయి రెండేండ్లయిందని అప్పుడు చెప్పిండ్రు. పది దినాల జ్వరం, ఇరవై నాలుగేండ్ల పిల్లగాడు. తల్లి ఎవలడిగిన నాకు ఇద్దరు కొడుకులనే చెప్తదట, అందుకే చిట్టిల పేరు వచ్చింది. మా అమ్మ చీపురు తిరగేసింది, రెండు దెబ్బలు పడ్డయి, మూడోది పడకముందే ఖాలా చెయ్యి పట్టుకున్నది. "కొట్టకు వదినా. రేపు దానితోని పనున్నది" అన్నది. ఆపా నాతోని మాట్లాడలె. పెండ్లి ఉంటదో ఊడిపోతదో ఎవలకు తెల్వది. ఆమె ఉర్దూ పుస్తకం తెరిచి ఫోటో దిక్కు చూసుకుంట కూసున్నది, అది చూసి నేను జామచెట్టు వెనకకు పోయి సచ్చిపోవాలన్నంత ఏడ్సిన.

తెల్లారి ఖాలా నన్ను వెంటవెట్టుకొని వికారాబాదు బస్సెక్కింది. దారి పొడుగునా కందిచేన్లు పచ్చగ పూసి ఉన్నయి. ఎప్పుడైన కిటికీ కోసం కొట్లాడేదాన్ని, ఆ దినం తలకాయ ఎత్తలె. ఖాలానే అన్నది, "నువ్వు ఎందుకని అడగలె, నేను ఇందుకని చెప్పలె. సగం తప్పు నాది. పోయి ఇద్దరం నిలబడదాం." నన్ను తిట్టి ఉంటే జర నిమ్మళమయ్యేది. ఆ మాటకు ఇంకింత ఏడుపొచ్చింది.

ఖైరున్నీసా అమ్మి ఇంట్ల చాట ముందేసుకొని పెండ్లి బియ్యంల రాళ్లు ఏరుతున్నది. కూసోమనలె. ఖాలా వియ్యపురాలి ముందట కొంగు రెండు చేతులల్ల పట్టుకొని, "సమ్ధన్, తప్పయింది. నా బిడ్డను చూసి మాఫ్ చెయ్యి" అన్నది. అంత గొంతు గల మనిషి అంత మెల్లగ మాట్లాడంగ నేను ఎన్నడు వినలె. అమ్మి చాట దిక్కే చూసుకుంట, "పాట గంతేనా? ఇంక ఉండెనా?" అని అడిగింది. ఖాలా నా దిక్కు చూసింది. "ఉండె" అన్న నేను.

"పాడు."

చెంచా లేదు, చప్పట్లు లేవు. ఉత్త గొంతుతోనే పాడిన.

"కందుల బస్తా ఎక్కి నువ్వు పండుకున్నవా?
తమ్ముని పెండ్లి దాటినంక లేచి వస్తవా?"

బియ్యంల చెయ్యి ఆగిపోయింది. "బస్తా మీద పండుకుంటడని నీకెవలు చెప్పిండ్రు?" అన్నది. "ఎవ్వలు చెప్పలె అమ్మీ. మార్కెట్ల అందరు గట్లనే పంటరు గద, కుదిరిందని పెట్టిన" అన్న. ఆమె నవ్వింది. నిజం చెప్తున్న, పెదవి మీద కొంగు పెట్టుకొని నవ్వింది, నవ్వుకుంట నవ్వుకుంటనే ఏడ్సింది. "పండేటోడే. ఏ పెండ్లికి పోయిన తప్పించుకొని బస్తాలు చూసుకొని పండేటోడు, నేను పోయి చెవు పట్టి లేపేదాన్ని. రెండేండ్లాయె, గీ ఇంట్ల వాని పేరు ఎవ్వలు తీస్తలేరు, నేను ఏడుస్తనని. నిన్న మీ ఆడోళ్లంత ఒక్కసారి గట్టిగ పిలిచేసరికి, వస్తడేమో అనిపించింది బిడ్డా. తలుపు దిక్కు చూసిన. ఇంక ఆడ కూసోలేకపోయిన."

ఆ దినం మాకు అన్నం, చింతపులుసు పోసిన ఖట్టీ దాల్ పెట్టింది. "పెండ్లిల మాత్రం పాడకు" అని నాకు చెప్పింది. "తర్వాత ఎప్పుడన్న ఇంటికొచ్చినప్పుడు పాడు." శుక్రవారం పెండ్లి అయింది. ఆపా అప్పగింతలప్పుడు నన్ను పట్టుకొని ఏడ్సి, వీపు మీద ఒక్కటి చరిచి పోయింది, అంటే మాఫ్ అన్నట్టే. అమ్మి ఇంటి నుంచి వాపసొచ్చే బస్సుల ఖాలా అన్న మాట మాత్రం ఇప్పటికి నా చెవులల్లనే ఉన్నది. "పాట మంచిగనే కట్టినవ్. మంచిగ కట్టినవ్ గనుకనే గంత లోతు దిగింది. చెడ్డ పాటతోని ఎవలకు ఏం కాదు. నీ చేతికి వచ్చింది, ఇగ నీకే భయం ఉండాలె." తప్పు చేసిన పిల్ల చేతి నుంచి చెంచా గుంజుకోకుండ, దాన్ని ఇంకింత గట్టిగ పట్టియ్యాలంటే ఎంత పెద్ద మనసు కావాలె! నా అన్నం ఆ మాట పెట్టిందే. ఖాలా, నీ రుణం ఎట్ల తీర్సుకోను?

ఆ అరుగు ఇప్పుడు లేదు, జామచెట్టు లేదు, ఆ జాగల మూడంతస్తుల బిల్డింగు లేచింది, పాలిష్ మిషన్లు ఊరవతలికి పోయినయి. పెండ్లిళ్లు ఫంక్షన్ హాళ్లల్ల, డీజే మోతల పక్కోని మాటనే వినరాదు, ఇంక పక్కోని పేరు ఎక్కడ వింటరు? ఎవలకు పెట్టి పాడిన అదే పాట. దాంట్ల కొన్ని నేను రాసినవే, ఎవలను తిట్టను? ఎవలూ చిట్టీలు పంపరు. ఖాలా పోయి ఏడేండ్లాయె. నేను మాత్రం ఎవలు పాట అడిగినా ముందు నా ప్రశ్నలు నేను అడుగుత. పిల్లలు విసుక్కుంటరు, "మేడం, పాటకు గిన్ని వివరాలెందుకు?" అని. అడుగుత అంతే.

మొన్న ఆపా బిడ్డ హీనా ఫోన్ చేసింది. దానికి పెండ్లి కుదిరింది. డీజే ఉంటదట, గని సాంచక్ నాడు ఒక్క గంట ఢోలక్ పెట్టాలని ఆపా పట్టు పట్టిందట. రెండిండ్లోళ్ల పేర్లు వాయిస్ మెసేజ్‌ల ఒకటొకటి చెప్పుకుంట పోయింది, చివరికి వచ్చి, "ఆంటీ, ఆఖరి పేరు బిల్కిస్ నానీ. వీళ్లల్ల లేనోళ్లు ఎవలు అని మీరు అడుగుతరట, మా అమ్మి ముందే చెప్పింది. లేకున్న సరే రాయమన్నది. అందరికంటె ఎక్కువ ఆటపట్టియ్యమన్నది" అని నవ్వింది.

వంటింట్ల తడి బండ మీద కూసున్న. చెంచా తీసుకున్న. బిల్కిస్, బిల్కిస్, బిల్కిస్. పదిసార్లు కాదు, వందసార్లు అన్న. ఎక్కడ ఆగాల్నో తెలిసింది. పాత బాణీలనే, "బిల్కిసమ్మా బిల్కిసమ్మా యాడ దాగినవు? పాన్‌దాన్ ఈడ ఇడిసిపెట్టి పరుగెందుకు తీసినవు?" అని రెండు సార్లు పాడుకున్న. కింది పోర్షన్ల బండలు తుడిచే లక్ష్మి మెట్ల మీద నుంచి పోతున్నది. చీపురు కట్ట తెచ్చుకునేటందుకు మల్ల పైకొచ్చింది. వచ్చేటప్పుడు దానికి తెల్వకుండనే నోట్లె పాట, ఎవలనో నిజంగ పిలిచినట్టు, మెట్లన్ని వినపడేటట్టు, "బిల్కిసమ్మా బిల్కిసమ్మా యాడ దాగినవు?"

పాట పాసయింది. నేను చెంచా కింద పెట్టి, తలుపు దిక్కు చూసిన.